మావారి కారు... నా చెవులు!

కుక్కరు విజిల్ వెయ్యకుండా పక్కలనుంచి ఆవిరి వదిలేస్తుంటే మీరు వరండాలో ఉన్నా కనిపెట్టేస్తారు కదూ? మిక్సీలో చట్నీ నలిగిందో లేదో మూత తీయకుండానే చెబుతారు. మోటారు నీళ్లు లాగకుండా ఊరికే తిరుగుతుంటే ఆ తేడా ఇంట్లో ముందు తెలిసేది మనకే. మగవాళ్లకు వినబడదని కాదు, పట్టదంతే! మరి ఇంత పదునైన చెవుల్ని కారెక్కగానే పక్కన పెట్టేసి, కొంగు సర్దుకుని బయటికి చూస్తూ కూర్చోవడమెందుకు చెప్పండి? "కారు సంగతి మావారు చూసుకుంటారు" అనేవాళ్లు దయచేసి ఈ పేజీ తిప్పేయకండి. ముఖ్యంగా మీకోసమే రాస్తున్నాను.

మాది కోసిగి. కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోనికీ మంత్రాలయానికీ మధ్య, రైలుపట్టాల పక్కన, బండరాళ్ల గుట్టల దాపున ఉన్న ఊరు. పెద్ద డాక్టరు కావాలన్నా, పెళ్లి బట్టలు కావాలన్నా ఆదోనికో ఎమ్మిగనూరుకో పోవాల్సిందే. పంట పనులు అయిపోయాక మా చుట్టుపక్కల చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి పోతారు. తెలియనివాళ్లకు చెబుతున్నాను, సుగ్గికి పోవడమంటే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపూ తెలంగాణ వైపూ నెలల తరబడి వలస పోవడం. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ, కొందరు పిల్లలూ. ప్రాణం మీదికొస్తే 108 ఉంది. కానీ పసిపిల్లాడి చెవిపోటుకూ, అవ్వకు కంటి డాక్టరు ఇచ్చిన తారీఖుకూ 108ని పిలవలేం కదా! అలాంటప్పుడు వీధిలో వాళ్లు తట్టేది మా తలుపే. ఎందుకంటే కారున్నది మాకు.

కారంటే ఏదో ఊహించుకోకండి. 2008 మోడలు, మేం కొన్నది సెకండ్‌హ్యాండ్‌లో. ఏ కంపెనీదో ఎందుకులెండి, అలాంటిది మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. 2023లో దానికి పదిహేనేళ్లు నిండాయి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే బ్రేకులూ లైట్లూ అన్నీ చూపించి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. ఆ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి ఐదువేలు చేశారు. ఇరవయ్యేళ్లు దాటిన వాటికైతే 2025లో ఇంకా పెంచారు. "ఈ డొక్కును వదిలించుకుందాం" అన్నారు మావారు. అమ్మితే వచ్చేది ఓ మంచి ఫ్రిజ్జు ఖరీదు. కొత్తది కొనాలంటే మా అమ్మాయి కాలేజీ డబ్బు కదపాలి. ఇంజను బాగానే ఉంది. మరి దీని జబ్బేమిటి అంటే... చప్పుడు! ఒకటా రెండా!

1958లో రోల్స్‌రాయిస్ కంపెనీవాళ్లు అమెరికాలో ఒక ప్రకటన వేశారు. తమ కారు గంటకు 60 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు అన్నిటికన్నా గట్టిగా వినబడేది అందులోని గడియారం చప్పుడేనని. ప్రకటనల చరిత్రలో అది పేరుపడిపోయింది. మా కారులో గడియారం లేదు. ఉన్నా వినబడేది కాదు! కోసిగి దాటగానే డ్యాష్‌బోర్డు కిచకిచ, తలుపులు గలగల, డిక్కీలో దబదబ. మావారి వైద్యం ఒక్కటే - పాటల సౌండు పెంచడం.

పాత కారుకు ఈ చప్పుళ్లు ఎందుకొస్తాయో మెకానిక్ మేస్త్రీని అడిగితే "పాతదైంది కదమ్మా" అంటాడు. అది జవాబు కాదు. అసలు సంగతి రబ్బరులో ఉంది. కారులో ఇనుముకూ ఇనుముకూ మధ్య, అద్దానికీ రేకుకూ మధ్య, ఎక్కడ చూసినా ఓ రబ్బరు ముక్క ఉంటుంది. మన కుక్కరు గ్యాస్కెట్టు లాగానే అది కూడా ఎండకూ వేడికీ గట్టిపడి, పగిలి, కుంచించుకుపోతుంది. మా వైపు ఎండలు మీకు తెలియనివి కావు. ప్లాస్టిక్కు కూడా ఏళ్ల తరబడి ఎండలో ఉండి బిరుసెక్కి, బిగింపులు వదులైపోతాయి. దానికి తోడు మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు రెండు మూడేళ్లకే అలలు తేలుతుంది. ఆ అలల మీద పదిహేనేళ్లు ఊగిన కారుకు నట్లు వదులవకపోతే ఆశ్చర్యపోవాలి గానీ!

ఈ చప్పుళ్లలో ఎక్కువభాగం ప్రమాదం లేనివే. "మరి ప్రమాదం లేనప్పుడు వదిలేయొచ్చు కదా?" అంటారేమో. నేననేది అందుకే వదలకూడదని. పెళ్లింట్లో పిల్లాడు ఏడిస్తే వినబడుతుందా? ఈ గలగలల గోలలో, నిజంగా ప్రాణం తీసే చప్పుడొకటి వస్తే అదీ వినబడదు. చిన్న చప్పుళ్లను ఆపేది చెవికి హాయి కోసం మాత్రమే కాదు, పెద్దది వచ్చినప్పుడు వినబడాలని.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా ఇంట్లో మగ్గం ఉండేది. మగ్గం చప్పుడు ఆగితే అమ్మ పట్టించుకునేది కాదు, నాన్న నీళ్లు తాగడానికి లేచి ఉంటాడులే అనుకునేది. చప్పుడు మారితే మాత్రం వంటింట్లోంచే "ఏమో అయినట్టుంది చూడు" అని కేకేసేది. ఎప్పుడూ ఉండే చప్పుడు కాదు, మారిన చప్పుడు ముఖ్యం. కారుకూ అంతే.

సరే, పనిలోకి దిగుదాం. ముందు కారంతా ఖాళీ చేయండి. మన ఇల్లు దులిపినట్టే. మా కారులో ఏం దొరికాయో తెలుసా? గాజుముక్కలు, రూపాయి బిళ్లలు, ఎప్పుడో మంత్రాలయం వెళ్లినప్పటి కొబ్బరిచిప్ప, మావాడు నాలుగో తరగతిలో పోగొట్టుకున్న కాంపాసు. సీటు కింద ఒక స్టీలు నీళ్లసీసా. ఈ సీసా దగ్గర కాస్త ఆగుతాను. దొర్లుతూ టంగుటంగుమంటే నవ్వుకుంటాం గానీ, అది ముందుకు దొర్లి బ్రేకు పెడలు కింద ఇరుక్కుందనుకోండి, బ్రేకు దిగదు. డ్రైవరు సీటు కింద ఏదీ పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. సీసా తలుపు అరలో నిలబెట్టండి, లేదా మీ సంచిలో ఉంచుకోండి.

తర్వాత డిక్కీ. పాత కారుల్లో సగం గోల ఇక్కడిదే. స్టెప్నీ బోల్టు వదులుగా ఉంటుంది, జాకీ దాని చోటులో ఉండదు, పానాలు ఊరికే పడి ఉంటాయి. స్టెప్నీ బిగించండి, జాకీని పాత తువ్వాలులో చుట్టి దాని గూటిలో కూర్చోబెట్టండి, పానాలు గోనెగుడ్డలో మూటకట్టండి. పైసా ఖర్చు లేదు. ఇది చేసినరోజు మావారు ఆదోని వెళ్లొచ్చి "రోడ్డు వేశారా ఏం?" అన్నారు!

ఇక మిగిలినవి పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఒకరు నడపాలి, ఒకరు వినాలి. పాటలూ ఫ్యానూ ఆపేసి, అద్దాలు ఎక్కించి, ఎత్తుపల్లాలున్న చోట మెల్లగా నడపమనండి. మీరు వెనకసీట్లో కూర్చుని అనుమానమున్నచోట అరచేత్తో నొక్కండి. నొక్కితే ఆగింది, వదిలితే వచ్చింది - దొరికినట్టే. నడిపేవాళ్లు మాత్రం రోడ్డే చూడాలి, చప్పుడు వెతకడం వాళ్ల పని కాదు.

తలుపులోంచి గలగల వస్తే అద్దాన్ని రెండువేళ్ల మేర దించి చూడండి. చప్పుడు మారితే అద్దం జారే గాడిలోని రబ్బరు ఎండిపోయిందన్నమాట. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక కాస్త టాల్కం పౌడరు అద్దండి. కొన్నాళ్లు ఊరుకుంటుంది. ఆ తర్వాత రబ్బరు బీడింగు మార్పించుకోవాల్సిందే, అదేమంత ఖరీదు కాదు. కొబ్బరినూనె, కిరోసిను లాంటివి రబ్బరుకు రాయకండి. ఉబ్బి, మెత్తబడి త్వరగా పాడవుతుంది. తలుపు బందులు కిర్రుమంటే మాత్రం కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. తలుపు మూసినప్పుడు పట్టుకునే ఇనుప కొక్కేనికి ఒక్క వరస ఇన్సులేషన్ టేపు చుడితే టకటక తగ్గుతుంది. చుట్టాక తలుపు పూర్తిగా పడుతోందో లేదో తప్పకుండా చూసుకోండి.

డ్యాష్‌బోర్డు కిచకిచకు నా మందు సైకిలు ట్యూబు. పంచర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగితే ఊరికే ఇస్తారు. సన్నని పట్టీలుగా కత్తిరించి, ప్లాస్టిక్కుకూ ప్లాస్టిక్కుకూ మధ్య సందులో పాత టూత్‌బ్రష్ పిడితో నెట్టండి. నెంబరు ప్లేటు వెనకా ఇదే. బానెట్ ఎత్తితే అంచుల్లో రెండు రబ్బరు బుడిపెలు కనిపిస్తాయి. చాలా కార్లలో వాటిని చేత్తో తిప్పితే కాస్త పైకి లేస్తాయి, బానెట్ అదరడం ఆగుతుంది. బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ వదులైందేమో కూడా అప్పుడే చూడండి, కదులుతుంటే మేస్త్రీ చేత బిగించండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే సుమా! వేడిమీద రేడియేటరు మూత జోలికి అసలు పోవద్దు, కుక్కరు సంగతి మీకు వేరే చెప్పాలా? జాకీ మీద లేపిన కారు కిందికి దూరడం మన పని కాదు, ఎంత బుజ్జి కారైనా సరే.

ఇవన్నీ మాకు పది పన్నెండు రోజులు పట్టాయి. ఆ తర్వాత ఒకరోజు జరిగింది చెబుతాను.

మా అత్తగారికి కన్ను చూపించాలని ఎమ్మిగనూరు బయల్దేరాం. ఆమెతోపాటు మా ఎదురింటి అవ్వ కూడా ఉంది, ఆమె కొడుకూ కోడలూ సుగ్గిలో ఉన్నారు. ఆ పొద్దున్నే దారిలో ఒక పంచర్ షాపులో ముందుచక్రానికి పంచరు వేయించారు మావారు. కొంతదూరం పోయామో లేదో ముందు ఎడమవైపు నుంచి 'టక్... టక్... టక్'. వేగం పెంచితే తొందరగా, తగ్గిస్తే నిదానంగా. స్టీరింగు కూడా కాస్త వణుకుతోంది.

"ఏమండీ, ఆపండి" అన్నాను.

"ఈ కారుకు ఇది మామూలేగా. డాక్టరు వెళ్లిపోతాడు మళ్లీ."

"మామూలు కాదు. ఇది కొత్తది. నా లిస్టులో లేదు."

ఆయన నవ్వారు. ఈలోగా వెనకనుంచి మా అత్తగారు అందుకున్నారు. "నాయనా, కోడలు చెప్తాంది కదా, ఆపు. కన్ను రేపు చూపించుకుంటాలే, మనిషి ఉండాల గదా!"

ఆపారు. దిగి చూస్తే ఆ చక్రానికున్న నాలుగు నట్లలో మూడు వేళ్లతోనే తిరుగుతున్నాయి. పంచరు వేశాక బిగించడం మరిచారన్నమాట. మావారు మాట్లాడలేదు. గోనెగుడ్డ మూటలోంచి పానా తీసి, ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించారు. వరసగా బిగిస్తే చక్రం సమంగా కూర్చోదట. పక్కనుంచి పత్తి లోడు ట్రాక్టరు ఒకటి పోయింది. ఇంకో ఐదు కిలోమీటర్లు పోయుంటే ఆ చక్రం ఎక్కడుండేదో, మేమెక్కడుండేవాళ్లమో. నెల రోజుల ముందైతే ఆ 'టక్ టక్' డిక్కీలో జాకీ చప్పుడులో కలిసిపోయేది. చక్రం విప్పి పెట్టిన ప్రతిసారీ నట్లు మన కళ్లముందే బిగించమనండి, ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూసుకోండి.

అందుకని, టేపుతోనూ ట్యూబుతోనూ ఆపకూడని చప్పుళ్లు కొన్ని ఉన్నాయి. బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటే ప్యాడ్లు అరిగి ఉండొచ్చు, ఆ వారంలోనే చూపించాలి. కీచు పోయి ఇనుము మీద ఇనుము గీసినట్టు గరగర వచ్చిందంటే వారం కాదు, ఇక కారు తీయొద్దు. మేస్త్రీనే ఇంటికి పిలవండి. స్టీరింగు మొత్తం తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టకటకమంటే చక్రం దగ్గరి డ్రైవ్‌షాఫ్ట్ జాయింటు కావచ్చు. దానికున్న రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరితే అరుగుతుంది. తొడుగు చిరిగినప్పుడే మారిస్తే వందల్లో పోతుంది, జాయింటు పోతే వేలల్లో. వేగంతోపాటు పెరిగే 'గుంయ్' మోత చక్రం బేరింగుది. గుంతలో పడ్డప్పుడల్లా చక్రాల దగ్గర 'దడ్' అంటే షాకబ్జర్లో, బుష్షులో, కింద జాయింట్లో. పొద్దున స్టార్టు చేయగానే కీచుమని ఆగిపోయేది ఫ్యాన్‌బెల్టు, అది తెగితే నడిరోడ్డు మీద నిలబడతారు.

ఇంకొకటుంది, సైలెన్సరు. బండి నిలబడి ఉన్నప్పుడు కింద రేకు అదిరినట్టు 'జుయ్' మంటే వేడి తగలకుండా పెట్టిన రేకు వదులైంది, ఓ క్లిప్పుతో పోతుంది. కానీ 'బుస్ బుస్' మని పొగ మధ్యలోనే వదిలేస్తుంటే ఆలస్యం చేయకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. అది కారులోకి వస్తే తలనొప్పి, వికారం, మగత. అద్దాలు మూసి ఏసీ వేసుకుని పిల్లల్ని పడుకోబెట్టి తీసుకెళ్తాం కదా, అందుకే చెబుతున్నాను.

మేస్త్రీ దగ్గరికి వెళ్లినప్పుడు "ఏదో చప్పుడొస్తోంది" అని మాత్రం అనకండి. ఆ 'ఏదో'కు మనం కట్టే బిల్లు మామూలుగా ఉండదు! అలా ఒకచోట మావారు 'ఏదో' అన్నందుకు ముందు షాకబ్జర్లు రెండూ మార్చేశారు. చప్పుడు అలాగే ఉంది. తర్వాత నేను పాల లెక్క రాసే పుస్తకం వెనకపేజీలో రాయడం మొదలుపెట్టాను. ఏ పక్క, ఎప్పుడు, పొద్దునా మధ్యాహ్నమా, ఎంత వేగంలో, బ్రేకు తొక్కితేనా, మలుపులోనా, ఎడమకా కుడికా. ఇప్పుడు వెళ్లే ఆదోని షెడ్డులో ఆ పేజీ చదివి వినిపిస్తే మేస్త్రీ కుర్రాడు ముందు నవ్వాడు. తర్వాత తిన్నగా వెళ్లి ఎడమ చక్రం వెనక ఒక లింకు రాడ్డు పట్టుకుని ఊపాడు. అది ఊగింది. "ఏందక్కా, మీరే సూసినారా ఇదంతా?" అన్నాడు. మావారు పక్కనే నిలబడి గొంతు సవరించుకున్నారు. పాత మోడళ్లకు సామాను దొరుకుతుందా అని బెంగపడకండి. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో తయారీ ఆగినవే, అవింకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి కదా. అయితే బ్రేకు ప్యాడ్లు, స్టీరింగు సామాను మాత్రం చవకరకం వేయించకండి. మిగిలినవాటిలో ఎంత బేరమాడినా మీ ఇష్టం.

ఇప్పుడు మా కారు ఎమ్మిగనూరు దాకా దాదాపు నిశ్శబ్దంగా పోతుంది. దాదాపు అన్నానెందుకంటే ఒక్కటి మాత్రం నాకింకా దొరకలేదు. మిట్టమధ్యాహ్నం, మూడో గేరులో, వెనక కుడివైపు నుంచి 'టిక్... టిక్' అని పిచ్చుక గింజ పొడిచినట్టు. పొద్దునపూట ఉండదు, వానరోజు ఉండదు. మేస్త్రీ చేత చక్రాలూ బ్రేకులూ చూపించాను, అన్నీ బాగున్నాయన్నాడు. సీటుబెల్టు కొక్కెం అనుకున్నా, కాదు. వెనకద్దం రబ్బరు అనుకుని పౌడరు అద్దా, కాదు. ఎండకు సాగే ప్లాస్టిక్కు ఏదో అని నా అనుమానం. పుస్తకంలో ఇప్పటికి పదకొండుసార్లు రాసుకున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి పిచ్చుకను పట్టుకుని ఉంటే, ఎక్కడ దొరికిందో నాకు తప్పకుండా రాయండి.